గ్యోర్గ్ ఫాన్ బేకేషి

గ్యోర్గ్ ఫాన్ బేకేషి (జూన్ 3, 1899 - జూన్ 13, 1972) హంగేరీ దేశంలో జన్మించిన ప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తంలో శబ్దం ఏ విధంగా ప్రయాణించి నాడులను ప్రేరేపిస్తుందో కనుగొన్నందుకు ఈయనకు 1961లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈయన వైద్యుడు కాడు. ఈ పరిశోధనలో ముఖ్యభాగం టెలిఫోను శాఖలో ఉద్యోగిగా ఉన్న కాలంలో చేసినదే. పుట్టుకతో చెవుడు ఉన్న పిల్లలకు నేడు చేస్తున్న కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్సకు ఈయన తయారు చేసిన కర్ణావర్త పటమే ఒక ముఖ్యమైన ఆధారం. అయితే ఇంప్లాంటును ఈయన కనిపెట్టలేదు, ఎవరికీ అమర్చనూ లేదు. ఏ స్థానంలో ఏ స్వరం వినిపిస్తుందో చూపించాడు.

హంగేరీ వారు కూడా మన తెలుగువారి వలెనే ఇంటిపేరును ముందు వ్రాస్తారు. కనుక స్వదేశంలో ఈయన పేరు బేకేషి గ్యోర్గ్ అవుతుంది. ఈ వ్యాసంలో బేకేషి అనే ఇంటిపేరునే వాడడం జరిగింది.

బాల్యము, విద్యాభ్యాసము

బేకేషి బుడాపెస్ట్ నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ దౌత్యవేత్త. తల్లి పౌలా. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం ఊళ్ళు మారుతూ ఉండడం వలన బేకేషి చదువు మ్యూనిక్, కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్), బుడాపెస్ట్, జ్యూరిక్ నగరాలలో సాగింది. తరువాత స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివాడు. కొద్దికాలం సైన్యంలో పనిచేసి, 1923లో బుడాపెస్ట్ విశ్వవిద్యాలయం నుండి భౌతిక శాస్త్రంలో డాక్టరేటు పొందాడు.

టెలిఫోను ప్రయోగశాల

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత హంగేరీ తన భూభాగంలో చాలా భాగాన్ని కోల్పోయి ఆర్థికంగా చితికిపోయింది. విశ్వవిద్యాలయాలలో పరికరాలు కొనడానికి కూడా డబ్బు లేదు. ఆ పరిస్థితులలో మంచి పరికరాలు ఉన్న చోటు తపాలా శాఖకు చెందిన టెలిఫోను పరిశోధనాశాల. దేశాల మధ్య టెలిఫోను తీగలు హంగేరీ మీదుగా పోతుండేవి కనుక వాటిని సరిగా ఉంచడం ప్రభుత్వానికి తప్పనిసరి. బేకేషి 1923లో అక్కడ చేరి 1946 వరకు పనిచేశాడు. మధ్యలో ఒక సంవత్సరం బెర్లిన్‌లోని సీమెన్స్ సంస్థ ప్రయోగశాలలో గడిపాడు. 1939 నుండి బుడాపెస్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా కూడా ఉన్నాడు.

టెలిఫోనులో మాట స్పష్టంగా వినిపించాలంటే డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి? తీగల మీదనా, వినే గొట్టం మీదనా? శాఖ ముందున్న ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పాలంటే, చివరకు ఆ మాటను అందుకునే చెవి ఎంత మంచి పరికరమో తెలియాలి. బేకేషి మనిషి కర్ణభేరి కదలికను టెలిఫోనులోని లోహపు రేకు కదలికతో పోల్చి చూశాడు. శబ్దం ఆగగానే కర్ణభేరి కంపనం వెంటనే అణగిపోతున్నది. లోహపు రేకు మాత్రం కొంతసేపు మ్రోగుతూనే ఉన్నది. అనగా బాగుపడవలసినది టెలిఫోను యంత్రమే. ఉద్యోగానికి కావలసిన జవాబు దీనితో దొరికింది. కానీ కర్ణభేరి దాటిన తరువాత ఏమి జరుగుతుందన్న ప్రశ్న బేకేషిని వదలలేదు.

అప్పటికి ఉన్న వాదాలు

కర్ణభేరిని తాకిన శబ్దం కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మూడు చిన్న ఎముకల ద్వారా లోపలి చెవికి చేరుతుందని పాఠశాల పుస్తకాలలో చదువుకుంటాము. ఈ మూడవ ఎముక కర్ణావర్తపు గవాక్షాన్ని తడుతుంది. కర్ణావర్తం రెండున్నర చుట్లు తిరిగిన సన్నని గొట్టం. లోపల ద్రవం నిండి ఉంటుంది. దానిని నిలువునా విభజిస్తూ సుమారు 35 మిల్లీమీటర్ల పొడవైన పొర ఉంటుంది. దీనిని ఆధార త్వచం అంటారు. శబ్దాన్ని గ్రహించే రోమకణాలు దీనిమీదనే వరుసగా అమరి ఉంటాయి.

జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలో ఈ త్వచాన్ని తీగల వాద్యంతో పోల్చాడు. వీణలో ఒక్కొక్క తీగ ఒక్కొక్క శ్రుతికి మ్రోగినట్లు త్వచంలోని ఒక్కొక్క పోగు తనకు సరిపడిన స్వరానికి మాత్రమే కంపిస్తుందని ఆయన ఊహ. 1886లో ఇంగ్లండులో రూథర్‌ఫర్డ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త (అణువు రూథర్‌ఫర్డ్ కాదు) మరొక వాదం చేశాడు. త్వచం మొత్తం టెలిఫోను రేకు వలె ఒకేసారి కంపిస్తుందని, స్వరభేదాన్ని మెదడే గుర్తిస్తుందని ఆ వాదం. మరికొన్ని సిద్ధాంతాలు కూడా ఉండేవి. ఎవరూ త్వచం కదలడాన్ని కంటితో చూడలేదు కనుక ఈ వివాదం తెగలేదు.

శవాల చెవులలో ప్రయోగాలు

కర్ణావర్తం శరీరంలోకెల్లా గట్టి ఎముకలలో పొదగబడి ఉంటుంది. బఠాణీ గింజంత పరిమాణం. తెరిస్తే ద్రవం కారిపోతుంది, పొర ఎండి ముడుచుకుపోతుంది. దానిని చెడగొట్టకుండా తెరవడం అసాధ్యమని శరీరనిర్మాణ శాస్త్రవేత్తలు భావించేవారు. బేకేషి ముందుగా ఒక నమూనా తయారు చేశాడు. నీరు నింపిన పాత్రలో రబ్బరు పొరను బిగించి కంపనాలను పరిశీలించి, 1928లో తన మొదటి ముఖ్యమైన వ్యాసాన్ని ప్రచురించాడు. ఆ తరువాత నిజమైన చెవుల మీద పని మొదలుపెట్టాడు.

శవపరీక్ష జరిగిన దేహాల నుండి చెవి ఎముకలను తెచ్చుకునేవాడు. ఎముకను నీటిలో ముంచి ఉంచి, నీటి అడుగుననే సూక్ష్మదర్శిని క్రింద సన్నని మరతో తొలిచేవాడు. పారే నీరు ఎముక పొడిని ఎప్పటికప్పుడు కడిగివేసేది, త్వచం ఎండిపోయేది కాదు. ఇందుకు కావలసిన కత్తెరలు, కత్తులు దొరికేవి కావు కనుక తానే తయారు చేసుకున్నాడు. టెలిఫోను శాఖ కార్ఖానాలోని తొలిచే యంత్రాన్ని రాత్రిపూట వాడుకునేవాడనీ, ప్రొద్దున వచ్చిన పనివారికి దానిమీద మనిషి ఎముకల పొడి కనిపించి రుచించేది కాదనీ తరువాత తానే వ్రాసుకున్నాడు.

తెరిచిన కర్ణావర్తంలోని పారదర్శకమైన పొరపై వెండి రేణువులను చల్లి, క్షణక్షణం వెలిగి ఆరే దీపపు కాంతిలో చూశాడు. దీపం వెలిగే వేగం కంపన వేగానికి దగ్గరగా ఉంటే వేగంగా కదిలే వస్తువు నిదానంగా కదులుతున్నట్లు కనిపిస్తుంది. ఈ ఉపాయంతో త్వచం కదలికను చూసిన మొదటి మనిషి బేకేషి. అయితే ఆ కదలిక కంటికి ఆనాలంటే, బ్రతికి ఉన్న మనిషి భరించలేనంత పెద్ద శబ్దాన్ని ఉపయోగించవలసి వచ్చింది. ఈ సంగతి తరువాత చాలా ముఖ్యమైనది.

ప్రయాణించే తరంగం

ఆయన చూసినది హెల్మ్‌హోల్ట్జ్ చెప్పినట్లూ లేదు, రూథర్‌ఫర్డ్ చెప్పినట్లూ లేదు. తడిబట్టను ఒక అంచు పట్టుకుని దులిపితే అల ఆ అంచున పుట్టి రెండవ అంచు వరకు పోతుంది కదా. అదే విధంగా శబ్దం గవాక్షం వద్ద పుట్టించిన అల ఆధార త్వచం వెంబడి ముందుకు సాగింది. సాగుతూ పెద్దదై, ఒక చోట అత్యధిక ఎత్తుకు చేరి, వెంటనే అణగిపోయింది. ఈ శిఖరం ఏర్పడే చోటు స్వరాన్ని బట్టి మారుతున్నది. హెచ్చు పౌనఃపున్యం గల కీచుస్వరాలకు శిఖరం కర్ణావర్తపు మొదట్లోనే, గవాక్షం దగ్గర ఏర్పడుతుంది. తక్కువ పౌనఃపున్యం గల మంద్రస్వరాలకు లోపలి చివర, అనగా నత్తగుల్ల కొన దగ్గర ఏర్పడుతుంది.

దీనికి కారణాన్ని కూడా బేకేషి కొలిచి చూపాడు. గొట్టం కొనకు పోయేకొద్దీ సన్నబడుతుంది. ఆధార త్వచం అందుకు వ్యతిరేకంగా మొదట్లో ఇరుకుగా, కొన దగ్గర వెడల్పుగా ఉంటుంది. బిగువు మొదటి నుండి కొనకు సుమారు నూరవ వంతుకు తగ్గిపోతుంది. బిగువైన భాగం వేగమైన కంపనాలకు, వదులైన భాగం నిదానమైన కంపనాలకు లొంగుతుంది. మనుషులతో ఆగక కోడి, ఎలుక, గినీ పంది, ఆవు చెవులను, చివరకు బుడాపెస్ట్‌లో చనిపోయిన ఒక ఏనుగు చెవిని కూడా సంపాదించి పరీక్షించాడు. అన్నిటిలోనూ సూత్రం ఒకటే. దూరాలు మాత్రమే వేరు.

స్వీడన్, అమెరికా

రెండవ ప్రపంచ యుద్ధంలో బుడాపెస్ట్ ధ్వంసమైంది. బేకేషి 1946లో స్వీడన్‌కు వెళ్ళి స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా సంస్థకు అతిథిగా ఉంటూ కొత్త రకం శ్రవణమాపకాన్ని తయారు చేశాడు. ఇందులో పరీక్ష చేయించుకునే వ్యక్తే మీటను నడుపుతాడు. శబ్దం వినిపించినంతసేపు మీట నొక్కి ఉంచాలి, అప్పుడు శబ్దం తగ్గుతూ పోతుంది. వినిపించకపోతే వదలాలి, శబ్దం మళ్ళీ పెరుగుతుంది. కలం కాగితంపై రంపపు పళ్ళ వంటి గీతను గీస్తుంది. బేకేషి ఆడియోమీటరుగా ఇది ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. ఏడాది రెండేళ్ళ పసిపిల్లలు మీట నొక్కలేరు కనుక వారికి ఇది పనికిరాదు.

1947లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడ చేసిన ప్రయోగాలలో ఒకటి విద్యార్థులకు ఆసక్తి కలిగిస్తుంది. నీరు నింపిన గొట్టానికి ఒక పక్క పొరను అమర్చి, కర్ణావర్తానికి పెద్ద నమూనాగా చేసి, ఆ పొరపై మనిషి ముంజేతిని ఆనించి ఉంచమన్నాడు. కంపనపు అల చేయి పొడవునా సాగుతున్నప్పటికీ, ఆ వ్యక్తికి ఒక్కచోట మాత్రమే, రెండు మూడు సెంటీమీటర్ల మేర స్పర్శ తెలిసింది. పౌనఃపున్యం మారిస్తే ఆ చోటు మారింది. అనగా విశాలమైన అలలో నుండి ఒక బిందువును ఏరుకునే పని నాడీవ్యవస్థ కూడా చేస్తున్నది. 1952లో కర్ణావర్తంలోని మధ్య గదిలో శబ్దం లేనప్పుడు కూడా ఒక స్థిరమైన ధనవిద్యుత్ పీడనం ఉంటుందని కనుగొన్నాడు. ఈయన వ్యాసాల సంకలనం 1960లో ఇంగ్లీషులో పుస్తకంగా వెలువడింది. 1961లో నోబెల్ బహుమతి ఈయన ఒక్కరికే, ఎవరితోనూ పంచకుండా లభించింది.

1965లో హార్వర్డ్‌లోని ఈయన ప్రయోగశాల అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1966లో హవాయి విశ్వవిద్యాలయం ఆహ్వానంపై హొనొలులు వెళ్ళి, జ్ఞానేంద్రియాల పరిశోధనశాలకు నాయకత్వం వహించాడు. అక్కడే 1972 జూన్ 13న మరణించాడు. బేకేషి వివాహం చేసుకోలేదు. కళాఖండాలను సేకరించడం ఈయనకు ఎంతో ఇష్టమైన వ్యాపకం. ఆ సేకరణను నోబెల్ సంస్థకు వ్రాసి ఇచ్చాడు.

బ్రతికిన చెవిలో వచ్చిన తేడా

బేకేషి కొలతలలో ఒక చిక్కు ఉంది. ఆయన చూసిన తరంగ శిఖరం చాలా వెడల్పుగా, మొద్దుగా ఉన్నది. మనిషి చెవి మాత్రం దగ్గర దగ్గర స్వరాలను కూడా విడదీసి గుర్తుపట్టగలదు. 1948లోనే థామస్ గోల్డ్ అనే శాస్త్రవేత్త, కర్ణావర్తం తనలోని శక్తితో కంపనాన్ని పెంచుకుంటూ ఉండాలని వాదించాడు కానీ ఎవరూ పట్టించుకోలేదు. బేకేషి మరణానికి ఒక సంవత్సరం ముందు, 1971లో, విలియం రోడ్ బ్రతికి ఉన్న కోతుల చెవులలో కొలిచి, చిన్న శబ్దాలకు త్వచం అనుకున్నదానికన్నా ఎక్కువగా, పెద్ద శబ్దాలకు అంతకన్నా తక్కువ నిష్పత్తిలో కదులుతుందని చూపించాడు. ప్రాణం పోగానే ఈ గుణం పోతుంది. 1978లో డేవిడ్ కెంప్ చెవి తానుగా సన్నని ధ్వనులను వెలువరిస్తుందని కనుగొనడంతో గోల్డ్ వాదం నిలబడింది. వెలుపలి రోమకణాలు పొడవు మార్చుకుంటూ అలకు బలం చేకూరుస్తాయని నేడు తెలుసు.

కనుక బేకేషి చూసినది మృతి చెందిన చెవి. శిఖరం ఎంత పదునైనదో అందులో తెలియలేదు. శిఖరం ఎక్కడ ఏర్పడుతుందన్నది మాత్రం, చిన్న సవరణలతో, బ్రతికిన చెవిలోనూ నిజమైంది. మీట నొక్కలేని నవజాత శిశువులకు చెవుడు ఉన్నదీ లేనిదీ కొన్ని నిమిషాలలో తెలుసుకునే పరీక్ష కెంప్ కనుగొన్న ధ్వనుల మీదనే ఆధారపడి ఉంది.

పిల్లల శస్త్రచికిత్సలో బేకేషి పటం

రోమకణాలు నశించినా వాటి వెనుక శ్రవణనాడి మిగిలి ఉంటే, దానిని విద్యుత్తుతో నేరుగా ప్రేరేపించవచ్చును. 1957లో పారిస్‌లో ద్జూర్నో, ఏరియెస్ అనే ఇద్దరు, 1961లో లాస్ ఏంజిలెస్‌లో విలియం హౌస్ ఈ ప్రయత్నం చేశారు. హౌస్ పరికరంలో ఒకే ఎలక్ట్రోడు. దానితో శబ్దం ఉన్నదని, లయ ఎలా ఉన్నదని తెలిసేది కానీ, పెదవులను చూడకుండా మాటను పోల్చుకోవడం చాలామందికి సాధ్యమయ్యేది కాదు. బేకేషి పటం ప్రకారం వేరువేరు స్వరాలకు వేరువేరు స్థానాలు ఉండగా, ఒక్కచోట ఇచ్చిన విద్యుత్తుతో అన్నీ ఎలా వినిపిస్తాయి? 1978లో ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ అనేక ఎలక్ట్రోడ్లు గల పరికరాన్ని అమర్చాడు. ఇందులో కీచుస్వరాల సంకేతాలు గవాక్షానికి దగ్గరి ఎలక్ట్రోడ్లకు, మంద్రస్వరాల సంకేతాలు లోపలి ఎలక్ట్రోడ్లకు పంపబడతాయి. అమెరికాలో 22 ఎలక్ట్రోడ్ల పరికరానికి 1985లో పెద్దలకు, 1990లో రెండేళ్ళు నిండిన పిల్లలకు అనుమతి లభించింది. తరువాత ఆ వయస్సు 12 నెలలకు, 2020లో 9 నెలలకు తగ్గించబడింది. మాటలు నేర్చే వయస్సు దాటిన తరువాత వినికిడి వచ్చినా ప్రయోజనం తక్కువ కనుకనే ఈ తొందర.

సాధారణంగా అనుసరించే పద్ధతి ఇది. చెవి వెనుక కోసి, అక్కడి మాస్టాయిడ్ ఎముకను తొలిచి, ముఖనాడికీ నాలుక రుచిని తెలిపే నాడికీ మధ్యనున్న సందు గుండా మధ్య చెవిని చేరుతారు. అక్కడి నుండి వర్తుల గవాక్షం ద్వారా గాని, దాని పక్కన చిన్న రంధ్రం చేసి గాని, ఎలక్ట్రోడ్ల తీగను కర్ణావర్తంలోకి నెమ్మదిగా పంపుతారు. మాస్టాయిడ్‌ను తొలవకుండా చెవి రంధ్రం వైపు నుండి వెళ్ళే పద్ధతులు కూడా ఉన్నాయి. ముఖనాడి దెబ్బతింటే ముఖంలో ఒక పక్క చచ్చుబడుతుంది కనుక దానిని కాపాడుకోవడం శస్త్రచికిత్సకుని మొదటి కర్తవ్యం. రెండేళ్ళలోపు పిల్లలలో మాస్టాయిడ్ కొన పూర్తిగా ఎదగదు, ముఖనాడి చర్మానికి దగ్గరగా ఉంటుంది. అందువలన కోత స్థానాన్ని మరింత జాగ్రత్తగా ఎంచుకోవాలి.

పిల్లల విషయంలో ప్రకృతి చేసిన ఒక మేలు ఉంది. కర్ణావర్తం పుట్టేనాటికే పెద్దవారి పరిమాణంలో ఉంటుంది, ఆ తరువాత పెరగదు. కనుక ఏడాది వయస్సులో ఒక స్వరస్థానం వద్ద ఉంచిన ఎలక్ట్రోడు, బిడ్డ ఎంత ఎదిగినా, ఆ స్వరస్థానం వద్దనే ఉంటుంది. తల ఎముక మాత్రం పెరుగుతుంది కనుక తీగను తొలిచిన గుంటలో కొంత వదులుగా చుట్టి ఉంచుతారు. మెదడువాపు పొరల వ్యాధి (మెనింజైటిస్) వలన చెవుడు వచ్చిన పిల్లలలో కర్ణావర్తం లోపల ఎముక పెరిగి దారి మూసుకుపోవచ్చును. అది ఎక్కువగా మొదటి చుట్టులోనే ఆరంభమవుతుంది. శస్త్రచికిత్సకుడు ప్రవేశించవలసినది కూడా అక్కడి నుండే కావడంతో ఇటువంటి పిల్లలకు త్వరగా శస్త్రచికిత్స చేయవలసి ఉంటుంది.

కొందరు పిల్లలలో కీచుస్వరాలు పూర్తిగా పోయి, మంద్రస్వరాలు కొంత వినిపిస్తుంటాయి. బేకేషి పటం ప్రకారం వీరికి చెడినది మొదటి చుట్టు, మిగిలినది కొన. ఇటువంటి వారికి పొట్టి ఎలక్ట్రోడును మొదటి చుట్టు వరకే పంపి, కొనను కదిలించకుండా వదలి, అదే చెవికి మామూలు వినికిడి యంత్రాన్ని కూడా జోడించే పద్ధతి 1990లలో జర్మనీలో మొదలైంది. ఇందుకోసం ఎలక్ట్రోడును త్వచానికి తగలకుండా మెల్లగా పంపడం అవసరం. బేకేషి నీటి అడుగున శవాల చెవులలో ఏ సున్నితమైన పొరను కాపాడుకుంటూ వచ్చాడో, ఇక్కడ కాపాడవలసినది ఆ పొరనే.

ఇంప్లాంటు అమర్చిన రోజు నుండి బిడ్డ మాట్లాడడు. గాయం మానిన తరువాత పరికరాన్ని పనిచేయించి, ఒక్కొక్క ఎలక్ట్రోడుకు ఎంత విద్యుత్తు ఇవ్వాలో బిడ్డ ముఖకవళికలను, ఇతర పరీక్షలను బట్టి సరిచేయాలి. అటుపైన నెలల తరబడి, సంవత్సరాల తరబడి వినడం, పలకడం నేర్పించాలి. ఈ శిక్షణ లేని శస్త్రచికిత్స చాలావరకు వ్యర్థమే. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో పేద కుటుంబాల చిన్నపిల్లలకు ఈ శస్త్రచికిత్సను చేర్చినప్పుడు, శ్రవణ, వాక్ శిక్షణను కూడా దానితో కలిపే చేర్చారు. వినికిడి లోపం గలవారి కోసం 1983లో ముంబైలో స్థాపించిన జాతీయ సంస్థకు ఒకప్పటి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది.

పురస్కారములు

నోబెల్ బహుమతికి ముందే బేకేషికి చెవి వైద్యులు, ధ్వని శాస్త్రవేత్తలు పలు గౌరవాలు ఇచ్చారు. వాటిలో 1931లో డెంకర్ బహుమతి, 1937లో బెర్లిన్ అకాడమీ వారి లైబ్నిజ్ పతకం, 1939లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయపు గుయో బహుమతి, 1950లో షాంబా బహుమతి, 1957లో అమెరికా చెవి వైద్యుల సంఘం స్వర్ణపతకం ముఖ్యమైనవి. వైద్యం చదవని ఈయనకు మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయం 1955లో, బెర్న్ విశ్వవిద్యాలయం 1959లో వైద్యశాస్త్రంలో గౌరవ డాక్టరేట్లు ప్రదానం చేశాయి.